రాతి మీద నీళ్ళు: చైనా కుంచె ఐరోపా అచ్చుయంత్రాన్ని కలిసిన చోటు

నైరూప్య చిత్రకారుడు జావ్ వూ-కీ అచ్చు చిత్రం ఏది కంటపడినా నా చూపు ముందుగా అడుగున ఉన్న సంతకం మీదికి పోతుంది. అందులో 'వూ-కీ' అన్న సొంత పేరు చైనా అక్షరాల్లో ఉంటుంది, 'జావ్' అన్న ఇంటిపేరు రోమన్ అక్షరాల్లో ఉంటుంది. 1920లో బీజింగ్‌లో పుట్టి, 1948లో పారిస్ చేరి, 1964లో ఫ్రెంచి పౌరుడై, 2013లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూసిన ఆయన దశాబ్దాల పాటు అలాగే సంతకం చేశారు.

ఆ సంతకాన్ని చూపించి 'తూర్పు పడమరల కలయిక' అనేసి ముందుకు సాగిపోవచ్చు. చాలామంది అలాగే సాగిపోతారు. ఆ మాట తప్పని అనను గానీ, దానివల్ల మనకు తెలిసేది చాలా తక్కువ. ఏది తూర్పు, ఏది పడమర? అవి కలిసింది చిత్రకారుడి మనసులోనా, కాగితం మీదనా, ప్రెస్సు కిందనా? ఒక్కసారి మాత్రమే పడే కుంచె గీతను ప్రాణంగా చూసుకునే సంప్రదాయం, ఒకే బొమ్మను పదులకొద్దీ ప్రతులు తీసే పనితో ఎలా పొత్తు కుదుర్చుకుంది? ఈ చివరి ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. జవాబు కోసం బొమ్మల్లో ఏముందో వెతకడం మానేసి, అవి దేనితో తయారయ్యాయో చూడడం మొదలుపెట్టాక దారి కనిపించింది. నీళ్ళు, నూనె, సున్నపురాయి, రాగి, కాగితం. అసలు సంభాషణంతా వీటి మధ్యే జరిగింది.

అచ్చు పడమటిది, కుంచె తూర్పుది అన్న లెక్కతో మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది. తేదీ వేసి ఉన్న సంపూర్ణ ముద్రిత గ్రంథాల్లో మనకు దక్కిన అతి పాతది చైనాదే. 868లో చెక్క దిమ్మలతో అచ్చువేసిన వజ్రచ్ఛేదిక సూత్రం అది. దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని మొదట్లో ఉన్న బుద్ధుడి చిత్రాన్ని చూస్తే, ఆ దిమ్మ చెక్కినవాళ్ళు ఆ పనికి కొత్తవాళ్ళు కారని ఇట్టే తెలుస్తుంది. ఐరోపాలో కాగితం మీద చెక్క అచ్చు బొమ్మలు రావడానికి ఆ తర్వాత ఐదు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

రంగుల అచ్చులోనూ అంతే. 1633 నాటికి నాన్‌జింగ్‌లో హు జెంగ్‌యాన్ అనే ప్రచురణకర్త, తన 'పది వెదుళ్ళ గది' పేరు మీద పూలు, పండ్లు, రాళ్ళు, వెదుళ్ళ బొమ్మల సంపుటిని రంగుల్లో వెలువరించారు. ఒక్కో రంగుకు, కొన్నిచోట్ల ఒక్కో ఛాయకు కూడా, ఒక్కో చిన్న దిమ్మ. ఆ దిమ్మ మీద నీటిరంగును కుంచెతో పూసేవారు, అది కూడా ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు పలచగా. కాగితాన్ని పైన పరిచి, వెనకవైపు నుంచి బ్రష్షుతో రుద్దేవారు. ప్రెస్సు లేదు. దిమ్మను ఎన్నిసార్లు వాడినా ప్రతిసారీ చేత్తో పూసిన రంగే కాబట్టి ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉండవు. అంటే కుంచె అచ్చుపనిలోకి 20వ శతాబ్దంలో కొత్తగా వచ్చి చేరలేదు, మొదటినుంచీ లోపలే ఉంది.

ఇంకో విషయం నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తుంది. శాసన పరిశోధకులు రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి గాట్లలోకి దించి, పైన సిరా అద్ది ప్రతి తీయడం మనలో కొందరైనా చూసే ఉంటారు. చైనాలో ఈ పని వెయ్యేళ్ళకు పైగా సాగిన గొప్ప విద్య. అక్కడ మహా లేఖకుల చేతిరాతను రాళ్ళమీద చెక్కించి, ఆ రాళ్ళనుంచి ప్రతులు తీసుకుని, నల్లని కాగితం మీద తెల్లగా తేలే ఆ అక్షరాలను చూస్తూ తరతరాల విద్యార్థులు కుంచె పట్టడం నేర్చుకున్నారు. లేఖకులందరిలోకీ గొప్పవాడిగా కొలిచే వాంగ్ షీజర్ 353లో ఒక కవితల సంపుటికి రాసిన ప్రసిద్ధ పీఠిక మూల ప్రతి ఎప్పుడో పోయింది. ఈనాడు ఆయన చెయ్యి ఎలా కదిలిందో మనం తెలుసుకునేది పాత నకళ్ళ ద్వారా, రాతి ప్రతుల ద్వారానే.

నేను చిక్కుగా భావించిన ప్రశ్న ఇక్కడే చాలావరకు విడిపోయింది. తిరిగి పుట్టని గీతను పదేపదే ప్రతి తీయడం చైనాకు కొత్త కాదు, అవమానమూ కాదు. ఆ గీత బతికి ఉన్నదే ప్రతుల వల్ల. 'మూలం గొప్పది, అచ్చు దాని చవక నీడ' అన్న అభిప్రాయంతో ఈ చిత్రాల దగ్గరికి వెళ్తే అవి మనతో మాట్లాడవు.

మరి ఐరోపా తెచ్చిందేమిటి? ముఖ్యంగా మూడు: నూనె సిరా, ప్రెస్సు బరువు, లోహపు పలక. చైనా అచ్చులో సిరా కాగితంలోకి ఇంకుతుంది. ఐరోపా అచ్చులో నూనె సిరా కాగితం మీద కూర్చుంటుంది. రాగి పలక పద్ధతిలోనైతే గాటులో నింపిన సిరాను ప్రెస్సు తన బలంతో తడి కాగితం మీదికి లాగుతుంది. వేలితో తాకితే ఆ గీత ఉబ్బెత్తుగా తగులుతుంది, పలక అంచు చుట్టూ కాగితంలో నొక్కుడు గుర్తు మిగులుతుంది. ఒకటి ఊపిరి లాంటి ముద్ర, ఇంకోటి బరువు లాంటి ముద్ర. 20వ శతాబ్దపు చైనా చిత్రకారులు ఈ రెంటినీ ఒకే కాగితం మీదికి ఎలా తెచ్చారన్నదే అసలు కథ.

ఆ కథ చైనా గడ్డమీద మొదలైన తీరు వేరు. 1931 ఆగస్టులో షాంఘైలో ప్రసిద్ధ రచయిత లు షున్ కొద్దిమంది యువకులకు చెక్క అచ్చు తరగతి ఏర్పాటు చేశారు. బోధించింది జపాన్ నుంచి వచ్చిన ఉచియామా కకిచి. లు షున్ వాళ్ళముందు ఉంచింది జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ లాంటివాళ్ళ నలుపు తెలుపు చిత్రాలను. చైనాలో పుట్టిన చెక్క అచ్చు అలా ఐరోపా చుట్టివచ్చి కొత్త చుట్టంలా ఇంట్లో అడుగుపెట్టింది. కానీ అది పేదల ఆకలి గురించి, యుద్ధం గురించి సూటిగా చెప్పవలసిన కళ. 1949 తర్వాత ప్రధాన భూభాగంలో నైరూప్యానికి, అంటే ఏ వస్తువుకూ బొమ్మ కాని కళకు, దశాబ్దాల పాటు చోటు దొరకలేదు. కాబట్టి మనం పారిస్‌కు, తైవాన్‌లోని తైపేకు వెళ్ళాలి.

జావ్ వూ-కీ పారిస్‌లో అడుగుపెట్టిన మరుసటి ఏడాది, 1949లో, దెజోబేర్ అనే ముద్రాపకుడి కార్ఖానాలో తొలి లిథోలు చేశారు. లిథోగ్రఫీని 1790ల చివర్లో జర్మనీలో అలోయిస్ జెనెఫెల్డర్ కనిపెట్టారు. దాని వెనక ఉన్నది వంటింట్లో అందరికీ తెలిసిన సంగతే: నూనె, నీరు కలవవు. సున్నపురాయి పలకను నున్నగా అరగదీసి, కొవ్వు ఉన్న క్రేయానుతోనో సిరాతోనో దానిమీద బొమ్మ వేస్తారు. కొద్దిగా యాసిడ్ కలిపిన జిగురు పూసి ఆ బొమ్మను రాతిలో స్థిరపరుస్తారు. తర్వాత రాయిని తడిపితే ఖాళీ చోట్ల నీరు నిలుస్తుంది, బొమ్మ ఉన్నచోట కొవ్వు నీటిని నెట్టేస్తుంది. అప్పుడు నూనె సిరా పూసిన రోలర్ దొర్లిస్తే సిరా కొవ్వుకే అంటుతుంది. ఇందులో చెక్కడం లేదు, గాట్లు లేవు. రాతిమీద చెయ్యి ఎలా కదిలితే కాగితం మీద అలాగే, కాకపోతే కుడి ఎడమలు మారి, పడుతుంది. కుంచెకు అలవాటుపడిన చేతికి ఐరోపా పద్ధతుల్లో ఇంతకంటే దగ్గరిది లేదు.

అక్కడ జావ్ చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. లిథో సిరాలో నీళ్ళు అతిగా కలపకూడదని అక్కడివాళ్ళ మాట. ఆయన దండిగా కలిపారు. ముద్రాపకుడు వద్దన్నా వినలేదు. అచ్చు తీసి చూశాక ఆ ముద్రాపకుడికే అది నచ్చింది.

ఆ నీళ్ళు రాతిమీద ఏం చేస్తాయో కాస్త ఆగి చూడాలి. చైనా చిత్రకారులు వాడే షువాన్ కాగితం మీద చైనా సిరా పడితే నీరు పీచులోకి పాకి, అంచు మెత్తబడి, మబ్బులా విచ్చుకుంటుంది. రాయి అలా పీల్చుకోదు. నీరు పైనే నిలిచి మెల్లగా ఆరుతుంది. ఆరుతున్న కొద్దీ సిరాలోని కొవ్వు రేణువులు గుంపులుగా చేరి, ఎండిన చెరువు అడుగులాంటి సన్నని వల అల్లుకుంటాయి. ఫ్రెంచి కార్ఖానాల్లో దాన్ని 'కప్ప చర్మం' అంటారు. ఆ వల ఎక్కడ ఎలా అల్లుకుంటుందో ఎవరూ పూర్తిగా శాసించలేరు. నీళ్ళు ఎన్ని, రాయి ఎంత సమంగా ఉంది, గదిలో తేమ ఎంత అన్నవి కలిసి తేలుస్తాయి. అంటే జావ్ తన ఇంటి సిరాను రాతిమీద అనుకరించలేదు. సిరా పట్ల తనకున్న వైఖరిని, నీటిని దాని దారిన పోనిచ్చి ఆ దారిని గౌరవించే అలవాటును, ఐరోపా రాతికి నేర్పారు. రాయి తన భాషలో బదులిచ్చింది. కలయిక అన్న మాటకు ఇంతకంటే కచ్చితమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆ లిథోల్లో ఎనిమిదింటిని ఒక ప్రచురణకర్త కవి ఆన్రీ మిషోకు చూపించారు. చిత్రకారుణ్ణి అప్పటికింకా కలవని మిషో వాటిమీద ఎనిమిది కవితలు రాశారు. 1950లో అవి పుస్తకంగా వచ్చాయి, ఇద్దరి మధ్యా జీవితకాలపు స్నేహం మొదలైంది. ఒక్క విషయం మరిచిపోకూడదు. అప్పటి లిథోలు నైరూప్యాలు కావు. చేపలు, చెట్లు, చంద్రుడు, మనుషులు సన్నని గీతల్లో ఉంటారు. నీళ్ళ విషయం తేలిపోయినా, బొమ్మ ఇంకా దేనికో బొమ్మగానే ఉంది.

దాన్ని విడిపించడానికి ఇంకో వింత మలుపు కావలసివచ్చింది. 1951లో జావ్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాల్ క్లీ చిత్రాలు చూశారు. చిన్నచిన్న గుర్తులు, అక్షరాల్లా ఉండి అక్షరాలు కానివి, రంగుల పొరల్లో తేలుతుంటాయి. క్లీ 1916లోనే చైనా కవితల అనువాదాలు తీసుకుని, ఆ పంక్తులను చిత్రాల్లో కూర్చారు. చైనా కవిత్వానికి తలవంచిన ఐరోపా చిత్రకారుడి ద్వారా, చైనా నుంచి వచ్చినవాడు తన లిపిని మళ్ళీ చూసుకున్నాడు. ఇందులో ఏ గీత తూర్పునుంచి వచ్చింది, ఏది పడమరనుంచి అని లెక్క తీయడం ఎవరి తరం?

1954 ప్రాంతంలో జావ్ చిత్రాల్లో వస్తువులు మాయమై గుర్తులు వచ్చాయి. షాంగ్ రాజుల కాలంలో ఎముకల మీద, తాబేటి చిప్పల మీద గీసిన ప్రాచీన లిపిని అవి తలపిస్తాయి. కానీ వాటిని ఎవరూ చదవలేరు. ఇక్కడ ఒక సాధారణమైన పొరపాటును సరిదిద్దాలి. చైనా కుంచెరాత ఎప్పటినుంచో నైరూప్య కళేనని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఎంత వేగంగా, ఎంత అల్లిబిల్లిగా రాసినా అది ఒక అక్షరం. దానికో ఉచ్చారణ ఉంది, అర్థం ఉంది, గీతలకో వరస ఉంది. చదవగలవాడు దాన్ని చదువుతాడు. ఐరోపా నైరూప్యం వస్తువుతో ఉన్న తాడును తెంపింది, కానీ దానికి వెనక వేల ఏళ్ళ రాత లేదు. జావ్ చేసింది ఈ రెంటికీ మధ్య ఉన్న పని: లిపి కదలికనంతా ఉంచుకుని, అర్థానికి కట్టిన చివరి తాడును విప్పేయడం. 1950ల చివరికల్లా ఆ గుర్తులు కూడా కరిగిపోయాయి, గాలి, వెలుగు, పొగ లాంటి విస్తారాలు మిగిలాయి.

ఆ విస్తారాలు ఒక్క ఊపిరిలో పుట్టినట్టు కనిపిస్తాయి. నిజానికి రంగుల లిథోలో సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రాయో పలకో కావాలి. నీలం ఒక రోజు, గోధుమ రంగు మరో రోజు, నలుపు ఇంకో రోజు, అన్నీ ఒకదానిమీద ఒకటి గురి తప్పకుండా పడాలి. రాగి పలక మీదనైతే కుంచెను రప్పించడానికి చక్కెర పద్ధతి ఉంది. చక్కెర కలిపిన సిరాతో పలకమీద గీసి, పైన వార్నిష్ పూసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచితే చక్కెర ఉబ్బి వార్నిష్‌ను లేపేస్తుంది. కుంచె గీత ఉన్నచోటే రాగి బయటపడుతుంది, యాసిడ్ అక్కడే తింటుంది. అరక్షణంలో గీసిన గీత కోసం రోజంతా పని. ఈ చిత్రాల్లోని తొందరపాటులేని వేగం ఆ శ్రమనుంచే వస్తుందని నా నమ్మకం.

జావ్ పారిస్‌లో దాదాపు ఇరవై ఏళ్ళు కాగితం మీద చైనా సిరాకు దూరంగా ఉన్నారు. విదేశీయుల కంటికి ముచ్చటైన 'చైనా తరహా' బొమ్మలు వేసేవాడిగా మిగిలిపోతానని ఆయన భయం. 1971 ప్రాంతంలో, భార్య మే తీవ్ర అనారోగ్యంతో ఉండి పెద్ద తైలవర్ణ చిత్రాలు వేయలేని రోజుల్లో, మళ్ళీ సిరా పట్టారు. నాకు తోచేదేమిటంటే, ఆ ఇరవై ఏళ్ళూ ఆయన సిరాను పూర్తిగా వదల్లేదు. లిథో రాతిమీద, వేరే పేరుతో, వేరే రసాయనంతో, దానితో మాట్లాడుతూనే ఉన్నారు.

ఇక పారిస్‌లోనే ఇంకో కార్ఖానాకు వెళ్దాం, అక్కడ ఒక తెలుగువాడు ఉన్నారు. 1927లో హేటర్ అనే ఆంగ్లేయుడు స్థాపించిన ఈ స్టూడియోకు, 1933లో మకాం మారిన ఇంటి నంబరు వల్ల 'అతెల్యే 17' అన్న పేరు స్థిరపడింది. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్ చేరి, 1950లలో ఇక్కడ స్థిరపడ్డారు. శిల్పి కూడా కావడంతో లోహపు పలకను ఆయన బొమ్మ వేసే తలంగా కాకుండా కొండలు లోయలు ఉన్న నేలగా చూశారు. హేటర్‌తో, తోటి భారతీయ చిత్రకారుడు కైకో మోతీతో కలిసి ఆయన రూపుదిద్దిన పద్ధతిలో ఒకే పలక మీద, ఒకే లాగుడులో, అనేక రంగులు పడతాయి. నూనె ఎక్కువ కలిపిన పలచని రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది పై మిట్టలకే అంటుతుంది. నూనె తక్కువ ఉన్న చిక్కని రంగును మెత్తని రోలర్‌తో దొర్లిస్తే అది లోయల్లోకి దిగుతుంది, పలచని రంగు ఉన్నచోట మాత్రం అంటుకోదు. రంగులు ఒకదాన్నొకటి గుర్తుపట్టి తప్పుకుంటాయన్నమాట.

ఇక్కడ చైనా ఎక్కడుంది అని అడగవచ్చు. నందలాల్ బోస్ 1924లో రవీంద్రుడితో చైనా, జపాన్‌లు తిరిగి వచ్చినవారు. శాంతినికేతన్‌లో చీనా భవన్ 1937లో ఏర్పడింది, చైనా చిత్రకారుడు షు బీహాంగ్ 1939, 40లలో అక్కడ గడిపారు. ఆ గాలిలో 1940లలో చదువుకున్న విద్యార్థి కృష్ణారెడ్డి. 1960ల మధ్యలో ఆయన హేటర్‌తో కలిసి ఆ స్టూడియోను నడుపుతున్న రోజుల్లోనే తైపే నుంచి లియావ్ షియో-పింగ్ అక్కడికి పని నేర్చుకోవడానికి వచ్చారు. తైపేలో పేరొందిన లుంగ్‌షాన్ గుడి దగ్గర పెరిగిన లియావ్ చిత్రాల్లో గుడి తలుపులు, ఎరుపు, పూజలో కాల్చే కాగితాల బంగారు వెండి రేకు, కచ్చితమైన సౌష్ఠవంతో నైరూప్య రూపాలయ్యాయి. జావ్ పనిలో నీరు కనిపిస్తే ఇక్కడ బరువు కనిపిస్తుంది. పలక నొక్కిన లోతు, ఉబ్బు, గుడి ద్వారానికి ఉండే గంభీరత. 1973లో తైవాన్ తిరిగివెళ్ళి ఆయన ఒక తరానికి ఈ విద్య నేర్పారు.

ఆ తైవాన్‌లోనే నైరూప్య అచ్చు చిత్రం ఎంత ప్రమాదకరమో అంతకుముందే తేలింది. 1960లో తైపేలోని జాతీయ చరిత్ర మ్యూజియంలో చిన్ సుంగ్ అనే యువ చిత్రకారుడి అచ్చు చిత్రం 'వసంత దీపం' ప్రదర్శనలో ఉండగా, అందులో అప్పటి తైవాన్ అధ్యక్షుడు చియాంగ్ కై-షేక్ ఇంటిపేరు అక్షరం తలకిందులుగా దాగి ఉందని ఆరోపణ వచ్చింది. తలకిందులు చేయడమంటే చియాంగ్‌ను కూలదోయమనడమే అన్నది ఆరోపించినవారి వాదన. చిత్రాన్ని తీసేశారు, చిన్ ఆ దశాబ్దం చివర్లో న్యూయార్క్ వెళ్ళిపోయారు. అక్షరాల మీద పెరిగిన కన్ను ఏ గీతల గుంపులోనైనా అక్షరాన్ని వెతుకుతుంది. పారిస్‌లో జావ్ గుర్తులు స్వేచ్ఛగా అర్థరహితంగా ఉండగలిగాయి, తైపేలో అదే పని ఒక మనిషి బతుకును కుదిపేసింది. ఈ కళ గురించి మాట్లాడేటప్పుడు ఆ తేడాను మరవడం అన్యాయం.

1980ల తర్వాత ప్రధాన భూభాగంలోనూ తలుపులు తెరుచుకున్నాయి. అక్కడివాళ్ళలో నా మనసుకు అతి దగ్గరైనవారు తాన్ పింగ్. 1960లో పుట్టి, బీజింగ్ కేంద్ర లలితకళల అకాడమీలో ముద్రణ విభాగంలో చదివి, 1989లో బెర్లిన్ వెళ్ళి కొన్నేళ్ళు అక్కడ నేర్చుకున్నారు. 2012లో బీజింగ్ జాతీయ కళా మ్యూజియంలో ఆయన చూపించిన చెక్క అచ్చు పొడవు 40 మీటర్లు. దానిమీద ఉన్నది ఒక్కటే గీత. చెక్క పలకలు వరసగా పేర్చి, దాదాపు ఆరు గంటల పాటు ఉలి నడిపించి, ఆ గీతను ఈ చివరనుంచి ఆ చివరకు చెక్కుకుంటూ పోయారు.

పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు షితావ్ చిత్రకళ అంతటికీ మూలం 'ఒక గీత' అన్నాడు. ఆయన ఉద్దేశించింది కుంచె గీత. తాన్ పింగ్ దాన్ని లు షున్ విద్యార్థులు పట్టిన ఉలితో, బెర్లిన్‌లో అలవడిన పొదుపుతో, చెక్కలోకి దించారు. ఉలి చెక్కిన చోట సిరా అంటదు కాబట్టి 40 మీటర్ల నలుపులో ఆ గీత తెల్లగా, అక్కడక్కడ వణుకుతూ సాగుతుంది, రాతి శాసనాలనుంచి తీసిన పాత ప్రతుల్లో వాంగ్ షీజర్ అక్షరాలు తేలినట్టే.